పలక తిప్పడానికి ఒక పూట

మార్చి 3, మంగళవారం

ఈ డైరీ ఆయన కొనిపెట్టారు. “కోపం వచ్చినప్పుడల్లా ఇందులో కక్కేసెయ్. ఇంట్లో మేం ముగ్గురం సుఖంగా ఉంటాం” అన్నారు. ముగ్గురంటే ఆయన, అత్తయ్యగారు, అత్తయ్యగారి టీవీ. పళ్ళ డాక్టర్లకి తమ హాస్యం మీద నమ్మకం ఎక్కువ. ఎదుటివాడు నోరు తెరుచుకుని పడుకుని ఉంటాడు కాబట్టి తిరిగి ఏమీ అనలేడు. దాంతో తాము వేసిన జోకులన్నీ పేలాయనుకుంటారు.

లాబ్‌లో తెర మీద రాపిడి గీత ఈ రోజు కూడా చదునుగా వచ్చింది. పలకకి నేను వేసిన పూత మీద సూదిని జరిపితే రావలసిన రంపపు పళ్ళు లేవు. ఒక్క పన్ను కూడా లేదు. పానా తెర ముందు నిలబడి ఆవులిస్తూ “కరెంటు పోయిందా మేడమ్?” అన్నాడు. వాడు మా టెక్నీషియన్. చేతిలో ఎప్పుడూ పానా ఉంటుంది. దానితో ఏదైనా బిగించగా ఇంతవరకు నేను చూడలేదు.

నస ఆవులించలేదు. ఆవులించినా బాగుండేది.

“మేడమ్, పలకని ఒకసారి తిప్పి చూద్దామా?”

“ఎందుకు?”

“సూదికి పూత తాలూకు పెచ్చేమైనా అంటుకుందేమోనని.”

“అంటుకోలేదు.”

“అంటుకోలేదనే నేనూ అనుకుంటున్నాను మేడమ్. తిప్పి చూసేస్తే గొడవ వదిలిపోతుంది కదా.”

అతగాడికి నస అని పేరు పెట్టింది నేనే. ఎదురుగా తప్ప లాబ్‌లో అందరూ అలాగే పిలుస్తారు. ముప్పై దాటాయి, ఇంకా కాంట్రాక్టు ఉద్యోగం, అదీ ఈ నెలాఖరుతో సరి. ముక్కుతో మాట్లాడతాడు. ఒక మాట పట్టుకున్నాడంటే అరిగేదాకా వదలడు.

తిప్పడం ఒక పూట పని. చెయ్యొచ్చు. కాని వాడు అడిగాడని చేశానంటే రేపటి నుంచి వాడు అడిగినవన్నీ చెయ్యాలి.

మార్చి 5, గురువారం

డైరెక్టర్ వచ్చాడు. ఇరవై అయిదున పెద్ద హాల్లో నా పూత గురించి ప్రకటన అట. చిన్న చిన్న యంత్రాలు తయారుచేసేవాళ్ళందరినీ పిలుస్తాడట. “రెండు ముక్కల్లో నాకర్థమయ్యేలా చెప్పండి మేడమ్, స్వాగతం నేనే పలకాలి” అన్నాడు. రెండు ముక్కల్లో ఆయనకి అర్థమయ్యేది లోకంలో భోజనం ఒక్కటే.

అయినా చెప్పాను. గుడ్ల అట్ట ఊహించుకోండి అన్నాను. ఎంత నున్నటి పలకైనా పరమాణువుల దాకా వెళ్ళి చూస్తే గుడ్ల అట్టే. గుంటలు, గుబ్బలు. సూది మొన ఒక గుంటలో కూర్చుంటుంది. లాగితే రాదు. ఇంకా లాగితే ఒక్కసారిగా ఎగిరి పక్క గుంటలో పడుతుంది. మళ్ళీ లాగాలి. ఆగడం, దూకడం, మళ్ళీ ఆగడం. గీతలో రంపపు పళ్ళు అవే. రాపిడి పుట్టేది అక్కడే. నా పూతలో గుంటల మధ్య దూరం సూదిలోని పరమాణువుల దూరంతో కలవదు. కూర్చోవడానికి గుంట దొరక్క సూది జారిపోతూ ఉంటుంది.

“ఎటు జరిపినా అంతేనా?”

“ఏ దిక్కుకు జరిపినా అంతే.”

ఆ మాట కాగితం మీద రాసుకుని కింద రెండు గీతలు గీశాడు. అబద్ధమేమీ కాదు. లెక్క ప్రకారం అంతే వస్తుంది.

ఇంటికొచ్చి చెబితే అత్తయ్యగారు టీవీ మీంచి చూపు తిప్పకుండా “ఆ గోకుడు ఉద్యోగానికి సభలు కూడా పెడతారా అమ్మాయ్?” అన్నారు. ఆయనేమో “నేను పళ్ళు పీకితే జనం తిట్టుకుంటారు, నువ్వు పీకితే హాలు బుక్ చేస్తున్నారు” అని తన జోకుకి తానే నవ్వుకున్నారు. ఇద్దరూ ఒకరికొకరు సరిపోయారు. కన్నతల్లి, కన్నకొడుకు.

మార్చి 6, శుక్రవారం

నస మళ్ళీ అడిగాడు. వద్దన్నాను.

మార్చి 9, సోమవారం

ఈసారి లెక్క వేసుకుని వచ్చాడు. నా గదిలో, నా కుర్చీ పక్కన నిలబడి నాకే పాఠం చెప్పాడు. సూది మొనకి పూత నుంచి ఊడిన పెచ్చు అంటుకుని ఉంటే, అప్పుడు పూత మీద జారేది సూది కాదు, పూతే. గుడ్ల అట్ట మీద గుడ్ల అట్ట. రెండూ వంకరగా పడితే ఒకదాని గుబ్బ ఇంకోదాని గుంటలో దిగదు. జారిపోతుంది, గీత చదునుగా వస్తుంది. కాని తిప్పుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట రెండూ కుదురుకుంటాయి. మా పూత గళ్ళు ఆరు మూలలవి కాబట్టి ఎక్కడ మొదలుపెట్టినా అరవై డిగ్రీలు తిరిగేలోగా ఒకసారి పళ్ళు వస్తాయి. పెచ్చు లేకపోతే ఎంత తిప్పినా రావు.

ఇదంతా నాకు తెలియదని వాడి ఉద్దేశం. వాడు బళ్ళో చేరకముందే నాకు తెలుసు.

పొట్టి ప్రొఫెసర్ అని మేం పిలిచే ఒకాయన కొంప మునిగింది ఈ పెచ్చు దగ్గరే. సున్నా రాపిడి కనిపెట్టానని ఊరూరా తిరిగి చెప్పుకున్నాడు. తరవాత ఇంకెవరో పలక తిప్పి చూస్తే అరవై లోపే పళ్ళన్నీ బయటపడ్డాయి. ఆ ఏడాది సభలో నేను మూడో వరసలో కూర్చున్నాను. “ఈయన తన సూదికి అంటుకున్న చెత్త మీద ఇన్నేళ్ళు పరిశోధన చేశారు, ఓపికకి మెచ్చుకోవాలి” అన్నాను. హాలంతా గొల్లుమంది. ఆయన కాగితాలు సర్దుకుని పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఆ మొహం తలుచుకుంటే నవ్వు వస్తుంది. ఒక పూట పని చేసుకోలేనివాడికి ఆమాత్రం శాస్తి జరగాల్సిందే.

నా సంగతి వేరు. నా సూది వేరు, నా పూత వేరు, నేను వేరు.

నసకి చెప్పాను, ఇప్పుడు తిప్పాలంటే రెండు రోజులు పడుతుంది, గాలి తీసేసిన డబ్బా లోపల ఆ తిప్పుడు మర వాడక ఏళ్ళయింది, బిగుసుకుపోయి ఉంటుంది అని.

“రెండు రోజులైనా పరవాలేదు మేడమ్” అన్నాడు. రోజులు వాడివి కావు కదా.

మార్చి 11, బుధవారం

నిద్ర సరిగా పట్టడం లేదు. టీవీ గోల.

మార్చి 12, గురువారం

నస గురించి ఆయనకి చెప్పడం నా బుద్ధితక్కువ.

“అబ్బాయి అడిగింది చేసేస్తే నీ సొమ్మేం పోయింది?” అన్నారు.

“అది వారం రోజుల పని. పైగా సూది విరిగిందంటే అలాంటిది మళ్ళీ దొరకదు. మీకు తెలియదు లెండి.”

“నాకు తెలియదు, ఒప్పుకున్నాను. పన్ను కదులుతోందా అని ఎవరైనా అడిగితే నేను మాత్రం వేలు పెట్టి కదిపి చూస్తాను. దూరం నుంచి చూసి గట్టిగానే ఉందండీ అనను.”

“మీది పన్ను. నాది పరమాణువు.”

“వేలు మాత్రం వేలే కదోయ్.”

ఇలాంటి మాట ఒకటి విసిరేసి హాయిగా గుర్రు పెడతారు. ఆయన చదువుకి పళ్ళు ముప్పై రెండే. అక్కడితో సృష్టి పూర్తయిపోతుంది. అరికాలి మంట నెత్తికెక్కి పక్క గదిలోకి వెళ్ళి పడుకున్నాను. పక్క గదిలో టీవీ వినపడదు. అయినా నిద్ర పట్టలేదు.

మార్చి 13, శుక్రవారం

వద్దన్నాను.

మార్చి 16, సోమవారం

కోపంలో రాస్తున్నాను, అక్షరాలు కుదరడం లేదు. పరవాలేదు, చదివేది నేనే.

డైరెక్టర్ గదిలో ప్రకటన గురించి కూర్చున్నాం. నేను, డైరెక్టర్, ఫోటోలు తీసేవాడు, నస. గీతలు వెయ్యడానికి నసని నేనే పిలిచాను. వాడు సంచీలోంచి రెండు గుడ్ల అట్టలు తీసి బల్ల మీద పెట్టాడు. క్యాంటీన్ నుంచి అడిగి తెచ్చాడట.

“సార్, మేడమ్ చెప్పిన పోలిక చాలా బాగుంది. చూపిస్తే వచ్చినవాళ్ళకి ఇంకా బాగా అర్థమవుతుంది.”

ఒక అట్ట మీద ఇంకోటి పెట్టి నొక్కాడు. రెండూ కరుచుకున్నాయి. డైరెక్టర్ చేత లాగించాడు. రాలేదు. పై అట్టని కాస్త వంకరగా తిప్పి మళ్ళీ లాగమన్నాడు. సర్రున జారింది. డైరెక్టర్‌కి అంతకన్నా ఆనందం జన్మలో కలిగి ఉండదు. అటు తిప్పి జారించాడు, ఇటు తిప్పి ఇరికించాడు. ఫోటోలవాడు ఫోటో కూడా తీశాడు.

“అయితే మేడమ్” అన్నాడు డైరెక్టర్ అట్ట ఊపుతూ, “మన దాన్ని కూడా ఇలాగే తిప్పి చూశారన్నమాట.”

నస నా వైపు చూశాడు. వాడి మొహంలో వెటకారం ఏమైనా ఉందా అని వెతికాను. ఉంటే అప్పుడే చెంప పగలగొట్టినంత పని చేసేదాన్ని. వాడు పరీక్ష పేపరు అందబోతున్నవాడిలా ఆశగా చూస్తున్నాడు.

“అది లాబ్ సంగతి, లాబ్‌లో మాట్లాడుకుంటాం” అన్నాను.

బయటికొచ్చాక వరండాలోనే దులిపేశాను. గుడ్ల అట్ట గుంటలు నాలుగు మూలల వరసలో ఉంటాయి, మన పూతవి ఆరు మూలలవి, ఆ మాత్రం తేడా తెలియనివాడివి నాకు పాఠాలు నేర్పిస్తావా అన్నాను.

“ఆరు మూలల అట్టలు క్యాంటీన్‌లో లేవు మేడమ్” అన్నాడు, నిజంగానే వెతికినవాడిలా.

పానా స్తంభం వెనకాల నిలబడి అంతా విన్నాడు. సాయంత్రానికల్లా గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా తెలిసిపోయి ఉంటుంది.

మార్చి 17, మంగళవారం

కాంట్రాక్టుల కమిటీ. ఒక్కొక్కరి పేరు చదువుతున్నారు, మేం అభిప్రాయం చెప్పాలి. నస పేరు వచ్చింది.

“మనిషి నెమ్మది” అన్నాను.

“అంటే మేడమ్, స్వభావం నెమ్మదా, పని నెమ్మదా?”

“పని.”

అంతే. తరవాతి పేరు చదివారు.

నెమ్మదే కదా. గంటలో తేలాల్సిన పనికి వాడు వంద ప్రశ్నలు వేస్తాడు. నేను లేని మాట ఏదీ అనలేదు. వాళ్ళు వేరే ఏమైనా అడిగి ఉంటే దానికీ జవాబు చెప్పేదాన్ని. అడగలేదు. ఆ కమిటీలో ఉన్నవాళ్ళు బిస్కెట్ల ప్లేటు ఖాళీ అయ్యేదాకా ఉంటారు, ఆ తరవాత ఉండరు.

మార్చి 18, బుధవారం

నస కాంట్రాక్టు పొడిగించలేదు.

నేను చెప్పింది ఒక్క మాట.

మార్చి 20, శుక్రవారం

మిగిలిన సెలవులు వాడేసుకుంటున్నాడట, అందుకని లాబ్‌లో ఇదే ఆఖరి రోజని చెప్పడానికి వచ్చాడు. ఏడుస్తాడనుకున్నాను. కనీసం దెబ్బలాడతాడనుకున్నాను. రెండింటికీ జవాబులు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. వాడు బల్ల శుభ్రంగా తుడిచి, ఏ సామాను ఎక్కడుందో చెప్పి, తాళంచెవి నా ముందు పెట్టాడు.

“మేడమ్, తిప్పుడు మర పట్టు విడిపించాను. రెండు రోజులు కొంచెం కొంచెంగా వేడి చేస్తే వదిలింది. ఇప్పుడు తేలిగ్గానే తిరుగుతోంది.”

“నిన్నెవరు చెయ్యమన్నారు?”

“బిగుసుకుపోయిందని మీరే అన్నారు కదా మేడమ్.” ముక్కుతో అన్నాడు. “ఆదివారం నాకు ఖాళీ. కావాలంటే నేనొచ్చి తిప్పేసి వెళ్తాను. ఒక పూట పని.”

“నీకు సిగ్గుందా?” అన్నాను.

వాడు నిజంగా ఆలోచించాడు. వాడితో బాధ అదే, ఏదడిగినా ఆలోచిస్తాడు. “వెళ్ళొస్తాను మేడమ్” అని వెళ్ళిపోయాడు.

పీడ వదిలింది. లాబ్ ఎంత ప్రశాంతంగా ఉందో. పానా కూడా మధ్యాహ్నమంతా ఈల వేసుకుంటూ గడిపాడు. ఈల ఆపమన్నాను. ఆపాక ఇంకా చిరాకేసింది.

మార్చి 22, ఆదివారం

లాబ్‌కి వెళ్ళాను. మర మీద చెయ్యి వేశాను. వచ్చేశాను.

హాల్లో వెయ్యాల్సిన బొమ్మలు సర్దుకోవాలి కదా, అందుకని.

మార్చి 25, బుధవారం

అయిపోయింది. హాలు నిండింది. ముందు వరసలో ఆయన, అత్తయ్యగారు. అత్తయ్యగారు కొత్త చీర కట్టుకుని, చెవిలో మిషన్ పెట్టుకుని మరీ వచ్చారు. డైరెక్టర్ తన స్వాగతంలో గుడ్ల అట్టలు తీసి జనానికి చూపించాడు. ఆలోచన తనదే అన్నట్టు మాట్లాడాడు. ఎవరి ఆలోచనో నాకు తెలుసు, నేను చెప్పలేదు.

నేను బాగా మాట్లాడాను. నాకు మాట్లాడడం వచ్చు. చదునైన గీత తెర మీద కనపడగానే చప్పట్లు.

తరవాత ప్రశ్నలు. రెండు మూడు పనికిమాలినవి. ఆ పైన వెనక వరసలోంచి ఒక పెద్దమనిషి లేచాడు. తల పూర్తిగా నెరిసిపోయింది, మైకు అందుకోవడానికి మునివేళ్ళ మీద లేవాల్సి వచ్చింది. అప్పుడు పోల్చుకున్నాను, పొట్టి ప్రొఫెసర్. ఇంకా బతికే ఉన్నాడని నాకు తెలియదు.

“చాలా అందమైన ఫలితమండీ. ఒక్క చిన్న సందేహం. పలక తిప్పి చూశారా?”

గొంతులో ఎత్తిపొడుపు లేదు. మూడో వరసలోంచి నేను చేసినట్టు చెయ్యడానికి ఆయనకి మంచి అవకాశం. చెయ్యలేదు. చేసి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేసి తప్పించుకునేదాన్ని. మామూలుగా అడిగాడు, మామూలుగా జవాబు చెప్పాల్సి వచ్చింది.

“చూశాం” అన్నాను.

“పళ్ళు రాలేదు కదా?”

“రాలేదు.”

“అదే తెలుసుకుందామని. థాంక్యూ అమ్మా” అని కూర్చున్నాడు.

మళ్ళీ చప్పట్లు. మా ఆయన ముందు వరసలోంచి బొటనవేలు ఎత్తి చూపించారు. దారిలో కారు నడుపుతూ “చేసేశావన్నమాట. మంచి పని చేశావోయ్, ఆ అబ్బాయి సంతోషించి ఉంటాడు” అన్నారు. నేను తేలుకుట్టిన దొంగలా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. అత్తయ్యగారు వెనక సీట్లోంచి “అమ్మాయి బాగా మాట్లాడిందిరా, నాకు సగం అర్థమైంది కూడాను” అన్నారు. ఈ ఇంటికి కోడలినయ్యాక ఆవిడ నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు. ఇవాళే మెచ్చుకోవాలా?

మార్చి 26, గురువారం

నస నుంచి మెసేజ్.

“అభినందనలు మేడమ్. హాల్లో తిప్పి చూశామని చెప్పారట, పానా ఫోన్ చేసి చెప్పాడు. చాలా చాలా సంతోషం. నిన్నటి నుంచి మా అక్కకి ఇదే చెబుతున్నాను.”

వెటకారమా? నాలుగుసార్లు చదివాను. కాదు. వెటకారం చెయ్యడానికి తెలివి కావాలి.

తెలివి ఉంది వాడికి. వెటకారం లేదు.

మార్చి 27, శుక్రవారం

పూలగుత్తులు వచ్చాయి. పానా ఒకటి ఇంటికి పట్టుకుపోయాడు.

మార్చి 29, ఆదివారం

పొద్దున్నే లేచి, ఆయనకి చెప్పకుండా లాబ్‌కి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో రాయను. నాకు తెలుసు.

మర తేలిగ్గా తిరిగింది. నస పని నున్నగా ఉంది. మొదట సున్నా దగ్గర గీశాను. చదును. రెండేసి డిగ్రీలు తిప్పుతూ, ప్రతిసారీ పలక కుదురుకునేదాకా ఆగి, మళ్ళీ చోటు వెతుక్కుని గీస్తూ పోయాను. పది. చదును. ఇరవై. ముప్పై. నలభై దగ్గర లేచి వెళ్ళి నీళ్ళు తాగొచ్చాను. యాభై చదును. అక్కడి నుంచి ఒక్కో డిగ్రీ తిప్పాను. సభలో మూడో వరసలో కూర్చుని నవ్వే ఆడమనిషి ఎలా నవ్వుతుందో నాకన్నా బాగా ఎవరికి తెలుసు? ఆ నవ్వు చెవిలో పెట్టుకునే తిప్పాను. యాభై తొమ్మిది. అరవై.

చదును.

అరవై ఒకటి, అరవై రెండు. చదును. నమ్మలేదు. నూట ఇరవై దాకా తిప్పాను. ఎక్కడా ఒక్క పన్ను లేదు. యంత్రమే చచ్చిందేమోనని పక్కనున్న పూత లేని పలక మీద సూదిని జరిపాను. రంపపు పళ్ళు వరసగా, ముచ్చటగా వచ్చాయి. యంత్రం బతికే ఉంది. సూదికి ఏ పెచ్చూ లేదు. నా పూత నిజం. నేను చెప్పిందంతా నిజం, ఏ దిక్కుకు జరిపినా నిజం.

భోజనం వేళకల్లా అయిపోయింది. ఒక పూట.

గట్టిగా నవ్వాను, ఖాళీ లాబ్‌లో పిచ్చిదానిలా. ఫోన్ తీశాను. ఆయనకి చెబుదామనుకున్నాను. ఏమని చెప్పను? బుధవారం నాడే చూశామని ఆయన ముందే, అంతమంది ముందు చెప్పాను కదా. డైరెక్టర్‌కి చెబుదామన్నా అంతే. నా జీవితంలో ఇంత మంచి గీత ఎప్పుడూ రాలేదు. చెప్పుకోవడానికి మనిషి లేడు. ఇందులో రాస్తున్నాను, రాస్తుంటే ఏడుపొస్తోంది. రాస్తే కోపం తగ్గుతుందన్నారు కాని ఏడుపు గురించి ఆయనేమీ చెప్పలేదు.

మార్చి 30, సోమవారం

డైరెక్టర్ దగ్గరికి వెళ్ళాను. కాంట్రాక్టు అబ్బాయిని ఇంకో ఏడాది ఉంచుకుందాం అన్నాను.

“అదేంటి మేడమ్, నెమ్మది అన్నారుగా?”

“నెమ్మదిగా చేసే పని కూడా ఉంటుంది.”

“అయ్యో, ఆ పోస్టు ప్రచారం విభాగానికి ఇచ్చేశాం. మీ ప్రకటన తరవాత ఫోన్లు ఆగడం లేదు, మాట్లాడే మనిషి కావాలి కదా.” ఆయన బల్ల మీద ఒక గుడ్ల అట్ట ఉంది. అందులో పెన్నులు గుచ్చుకున్నాడు.

వరండాలోకి వచ్చి నసకి ఫోన్ చేశాను. చెప్పాల్సిన అవసరం లేదు. వాడు సంతోషంగానే ఉన్నాడు. అలాగే వదిలేయొచ్చు. అయినా చేశాను. ఈ ఫలితం అర్థమయ్యే మనిషి ఇంకొకరు లేరు, అంతకుమించి కారణం లేదు.

“చెప్పండి మేడమ్!” వెనకాల మనుషుల మాటలు, సామాన్లు ఈడుస్తున్న చప్పుడు. “బస్టాండ్‌లో ఉన్నాను. అక్క వాళ్ళ ఊరికి వెళ్ళిపోతున్నాను. కళ్ళద్దాలు అరగదీసే కంపెనీలో ఏదో ఉద్యోగం ఉందంది.”

“అరవై దాకా అంతా చదునే” అన్నాను. “నూట ఇరవై దాకా తిప్పాను. ఎక్కడా పళ్ళు లేవు.”

“అబ్బ!” అని అరిచాడు. చెవి దగ్గర్నుంచి ఫోన్ దూరంగా తియ్యాల్సి వచ్చింది. “అబ్బ, మేడమ్! నూట ఇరవై దాకానా! యంత్రం పనిచేస్తోందని మామూలు పలక మీద కూడా చూశారా?”

“చూశాను. పళ్ళు వచ్చాయి.”

“ఇంకేం మేడమ్, ఇంకెవ్వరూ నోరెత్తలేరు. నాకు ముందు నుంచీ నమ్మకమే. మా అక్కతో పందెం కూడా కట్టాను.”

“నమ్మకం ఉన్నవాడివి నా ప్రాణం ఎందుకు తీశావు?”

“నమ్మకం ఉంది కాబట్టే కదా మేడమ్. లేకపోతే తిప్పమని అడగడానికి భయం వేసేది.”

గోడకి ఆనుకుని నిలబడ్డాను. పానా నమ్మాడు, పట్టించుకోలేదు కాబట్టి. డైరెక్టర్ నమ్మాడు, కావాలి కాబట్టి. అతను లెక్క వేసి నమ్మాడు. ఆ లాబ్ మొత్తం మీద నా పూతని నమ్మనిది నేనొక్కదాన్నే. ఎంత గాలించినా నా అంత పిరికి మనిషి దొరకదు.

“మేడమ్, ఆ గీతలు ఒకసారి పంపిస్తారా? చూడాలని ఉంది. ఎప్పుడు తీశారు? నేను వెళ్ళాక, సభకి ముందేగా?”

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ఫోన్ చేసేముందే తెలుసు. అవునంటే సరిపోయేది. అంతమంది ముందు అనగలిగినదాన్ని ఒక్కడి ముందు అనలేనా?

“నిన్న” అన్నాను.

అటువైపు ఎవరో పసిపిల్లని లాలిస్తున్నారు, ఎవరో చిల్లర అడుగుతున్నారు. అతను లెక్క కట్టుకుంటున్నాడని తెలుస్తోంది. శుక్రవారం తాళంచెవి ఇచ్చాడు. బుధవారం నేను చూశామన్నాను. ఆదివారం చూశాను. అంతకుముందు మంగళవారం కమిటీలో నేనేం చెప్పానో కూడా ఎవరో ఒకరు అతనికి చెప్పే ఉంటారు.

“నిన్ననా మేడమ్” అన్నాడు. ముక్కుతో కాదు, ఇంకెవరి గొంతులాగో ఉంది.

“నిన్న పొద్దున. ఒక పూట పట్టింది.”

“సరే మేడమ్. బస్సు వచ్చింది, ఉంటాను” అన్నాడు.

అతనింకా కట్ చెయ్యలేదు, నేను ఫోన్ చెవికి గట్టిగా అదుముకుని విన్నాను. పసిపిల్ల ఏడుపు, చిల్లర గొడవ, అవే. బస్సు ఏదీ రాలేదు.